రెండోసారి అడగని ఊరు

జగదాంబగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, భోజనానికి రమ్మంటారు. నార్వేలో, గొడుగు లేనిదే గడప దాటలేని బెర్గెన్ పట్నంలో, యూనివర్సిటీ పిల్లలకు లెక్కలు చెబుతూ జుట్టు నెరిసిపోయినా ఆవిడకు విజయనగరం యాసా పోలేదు, ఈ అలవాటూ పోలేదు. ఆ పిలుపంటే శిష్యులకు కాస్త జంకే. అన్నం తిని వస్తామో చీవాట్లు తిని వస్తామో ముందుగా తెలీదు మరి.

ఓ శనివారం సాయంత్రం సూరాడ నూకరత్నం ఆవిడ గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయింది. శ్రీకాకుళం తీరంలో వేటకెళ్లే ఇంటి పిల్ల. చేపల మీద పరిశోధన చేద్దామని వచ్చి ఏడాది కావస్తోంది.

"మేడమ్, ఈ ఊరు నన్నెప్పటికైనా తనలోకి రానిస్తుందంటారా? రానివ్వదంటే చెప్పండి, వెళ్లిపోతాను," అంది.

ఆమె బాధలో అబద్ధం లేదు. ఎవరింటికైనా వెళ్తే "టీ తాగుతావా?" అంటారు. "ఇప్పుడొద్దండీ," అనగానే కెటిల్ కింద పెట్టేస్తారు. క్లాసులో "నువ్వేమైనా చెబుతావా?" అంటారు. "పర్లేదండీ" అంటే పక్కవాడి వైపు తిరిగిపోతారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఓడ దగ్గర తగిలింది. యూనివర్సిటీ ఓడ ఏడాదికొకసారే ఉత్తర సముద్రానికి వెళ్తుంది. ఆమె గైడు ఐనార్ గారు "వస్తావా?" అని అడిగారు. గుండె ఎగిరి గంతేసినా, పైకి మాత్రం "పర్లేదు సార్, వేరేవాళ్లని తీసుకెళ్లండి," అంది. "భలేదానివే, నువ్వు లేకుండానా!" అంటారని ఎదురుచూసింది. ఆయన "సరే" అని ఆ చోటు ఓ పోలండు కుర్రాడికి ఇచ్చేశారు. ఓడ ఎక్కకపోతే చేతికి చేపల్లేవు, చేపల్లేకపోతే పరిశోధన లేదు. పట్టా మాట దేవుడెరుగు.

మొహమాటం మీద మనవాళ్లకు ఓ మోటు సామెత ఉంది. మీకు తెలిసిందే, నాచేత రాయించకండి.

"రేపు మధ్యాహ్నం భోజనానికి రా," అన్నారు జగదాంబగారు.

రత్నం పొద్దున్నించీ ఏమీ తినకుండా వెళ్లింది. మెట్లెక్కుతుంటేనే చేపల పులుసు వాసన. చింతపండు దండిగా పిండి, మెంతిపొడి వేసి మరిగించిన అసలు సిసలు పులుసు! కళ్లలో నీళ్లు తిరిగాయి పాపం.

"తింటావా?" అన్నారు జగదాంబగారు.

"తినే వచ్చాను మేడమ్," అంది రత్నం. ఆ మాట అదంతటదే వచ్చేసింది. మనందరికీ అంతేగా!

"అలాగా, మంచిది," అని ఆవిడ ఒక్క కంచం పెట్టుకుని కూర్చున్నారు. వేడివేడి అన్నంలో పులుసు కలిపారు. ముల్లు తీసి ముక్క నోట్లో పెట్టుకున్నారు. "ఆహా, ఉప్పు సరిగ్గా కుదిరింది," అని తనకు తనే చెప్పుకున్నారు. రెండోసారి వడ్డించుకున్నారు. ఎదురుగా రత్నం గుటకలు మింగుతూ, ముందు ఆశపడి, తర్వాత సిగ్గుపడి, చివరికి మండిపడింది.

"మేడమ్, మీరు కూడానా! మనవాళ్లయి ఉండి, ఒక్కసారి అడిగి ఊరుకుంటారా?"

"తిన్నానన్నావు కదమ్మా. నీది అబద్ధమనుకోమంటావా?"

రత్నం పులుసు గిన్నె వైపు చూసి, ఇంటి యాసలో గట్టిగా అనేసింది. "ఆకలేస్తంది మేడమ్. నాక్కూడా పెట్టండి."

జగదాంబగారు లేచి, చేయి కడుక్కుని, కంచం నిండా వడ్డించారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా రత్నం కంచం వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే రత్నం ఐనార్ గారి ముందు నిలబడింది. "సార్, నేను ఓడలో రావాలి."

ఆయన తెల్లబోయారు. "రానన్నావుగా?"

"అప్పుడు అబద్ధం చెప్పాను సార్. నేను రాకపోతే నా పని ఆగిపోతుంది."

"ఓడలో మంచాలన్నీ నిండిపోయాయి. మంచం లేకుండా ఎవర్నీ ఎక్కించుకోరు."

ఇంకో రోజైతే "సరే సార్" అని వెనక్కి తిరిగేదే. కాళ్లు తిరగబోయాయి కూడా. వాటిని బలవంతాన నిలబెట్టి, "అయితే ఎవర్ని అడగాలో చెప్పండి," అంది.

ఓడ కెప్టెన్‌ని అడగమన్నారాయన. రత్నం వానలో తడుస్తూ రేవుకు వెళ్లింది. కెప్టెన్ ఓ దిట్టమైన ఆడమనిషి. రత్నాన్ని ఎగాదిగా చూసి, "వంటమనిషి గదిలో పైమంచం ఒకటి ఖాళీ. రోజూ పొద్దున్నే వంటలో సాయం చెయ్యాలి. నీకు సముద్రం పడుతుందా?" అంది.

రత్నం ఏడాదిలో మొదటిసారి మనసారా నవ్వింది. "పడుతుందండి. వంట కూడా చేస్తాను. ఎప్పుడు రమ్మంటారు?"

"రేపు తెల్లారేసరికి. బూట్ల సైజెంత?"

ఆ సాయంత్రం సంచీ భుజాన వేసుకుని, రత్నం జగదాంబగారికి చెప్పి వెళ్దామని వచ్చింది. జరిగిందంతా ఏకరువు పెట్టి, "ఇంక జన్మలో ఎవరి దగ్గరా వద్దనను మేడమ్! కావాలంటే కావాలనే అంటాను, అంతే," అని ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది.

జగదాంబగారు దిద్దుతున్న కాగితాల మీంచి తలెత్తారు.

"ఇక్కడ అలాగే అను. ఇంటికెళ్లినప్పుడు మాత్రం ముందోసారి వద్దను. మీ అమ్మ రెండోసారి అడగాలి కదా."