బండి విన్న పాట

లెక్క సరిగ్గానే ఉంది. బండి మాత్రం కొండ ఎక్కడం లేదు. రెడ్డెప్పకు వచ్చిన చిక్కు అది.

మదనపల్లెలో ఖలందర్ ఉస్తాద్ షెడ్డులో అతను పని నేర్చుకుంటున్నాడు. అంకెలు అతనికి బొరుగుల్లాంటివి, ఎప్పుడూ నములుతూనే ఉండేవాడు. ఏ బండి ఎంత మైలేజీ ఇస్తుందో అడిగితే ఠక్కున చెప్పేవాడు. అడగకపోయినా చెప్పేవాడు.

ఆ షెడ్డుకు ఒక ఆనవాయితీ ఉంది. బండి పని ఎవరు చేస్తే వాళ్ళ పేరు బానెట్ లోపలివైపు తెల్లరంగుతో రాసుకోవచ్చు. అయితే రాసేముందు, చేసినవాడు బండి యజమానితో కలిసి ఒకసారి ప్రయాణం చేసి రావాలి. యజమాని ఎక్కడికి పోతే అక్కడికి, ఎట్లా పోతే అట్లా. రంగు డబ్బా మాత్రం ఉస్తాద్ పై అరలోనే ఉంటుంది. ఆయన దించితేనే దిగుతుంది.

రెడ్డెప్ప పేరు ఇంతవరకూ ఏ బానెట్ కిందా లేదు.

అతనికి సొంతంగా దొరికిన మొదటి బండి నాగులమ్మది. ఆవిడ చెక్కభజన బృందం నడుపుతుంది. తన పాత పెట్రోల్ వ్యాన్‌లో ఆడవాళ్ళందరినీ ఎక్కించుకుని, తానే స్టీరింగ్ పట్టి ఊరూరా తిరుగుతుంది. దారిలో పాటలు సాధన చేసుకోవాలని, ఊళ్ళోకి వస్తున్నట్టు అందరికీ వినబడాలని మంచి మ్యూజిక్ అడిగింది. పనిలో పనిగా ఇంజను కూడా కాస్త చురుగ్గా ఉండాలంది.

రెడ్డెప్ప రెండిటికీ కలిపి ఒకే కంప్యూటర్ తయారుచేశాడు. దాన్ని స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించి డాష్‌బోర్డు వెనక పెట్టాడు. బండి ముందు జాలీ వెనక ఒక పెద్ద స్పీకర్ అమర్చాడు. ఇంజనుకు ఆనించి ఒక చిన్న మైకు పెట్టాడు. ఇంజను బరువు లాగలేక టకటకలాడితే ఆ మైకు వింటుంది. వెంటనే కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. దాంతో లాగే బలం తగ్గుతుంది గాని, ఇంజను పాడవకుండా ఊపిరి పీల్చుకుంటుంది.

పని పూర్తయిన రోజు నాగులమ్మ కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసింది.

"మా పాటలు దీంట్లో ఉండాయి సామీ. పెట్టి చూస్తావా?"

"ఏ పాటైనా ఒకటేలే అక్కా. దీనికి అన్నీ అంకెలే" అన్నాడు రెడ్డెప్ప. తన ఫోనులోని వేణువు పాట పెట్టి చూపించాడు. షెడ్డు రేకులు అదిరాయి. అదే పాట పెట్టుకుని బైపాస్ మీద ఒక చుట్టు కొట్టి వచ్చాడు. బండి గుర్రంలా పరిగెత్తింది.

రెండో రోజే ఆవిడ తిరిగి వచ్చింది.

"ఏందబ్బా ఇది? చదునులో బాగానే పోతాంది. మెరక వస్తే చాలు, పాట పెడితే ఎక్కట్లే."

రెడ్డెప్ప నవ్వాడు. "పాటకేమన్నా బరువుంటుందా అక్కా? ఎన్ని కిలోలుంటాదో చెప్పు, లెక్కలో కలిపేస్తా."

"నాకేం తెల్సు? జరిగింది చెప్తా ఉండా."

"పెట్రోలు కల్తీ అయ్యుంటుంది. లేదంటే ఎండ. ఉండు, చూస్తా." అతను అప్పటికే లాప్‌టాప్ తెరిచాడు. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. అతని వేళ్ళు కీబోర్డు మీద టపటపలాడుతున్నాయి.

ఖలందర్ ఉస్తాద్ టీ తాగుతూ ఇద్దరినీ చూశాడు. ఆ టిఫిన్ డబ్బాలోని ప్రతి తీగా ఆయనకు తెలుసు. ఆయన చూడనిదే షెడ్డులోంచి ఏ పనీ బయటికి పోదు.

సాయంత్రం దాకా అంకెలు మార్చాక రెడ్డెప్ప చెప్పాడు. "ఇంజను టకటకలాడుతోందని కంప్యూటర్ రాసుకుంది ఉస్తాద్. ఎందుకాడుతోందో తెలియడం లేదు. పెట్రోలు మార్చా, గాలి లెక్క మార్చా. నా పాటతో వెళ్తే ఏమీ లేదు. అక్క నడిపితేనే వస్తోంది."

"మరి?"

"అక్క గేరు ఆలస్యంగా మారుస్తున్నట్టుంది."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టాడు. "శనివారం నాగులమ్మ హార్స్‌లీ కొండ మీదికి పోతాంది. పైన ఉత్సవంలో వాళ్ళ భజన ఉంది. నువ్వు కూడా పో బేటా. నేనూ వస్తా."

"బండి ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే ఆమె ఆట ఇంకో బృందానికి పోతుంది. నీ పేరు రాసే సంగతి మళ్ళీ చూద్దాం."

శనివారం మధ్యాహ్నం వ్యాన్ నిండింది. ఆకుపచ్చ చీరలు, మల్లెపూలు, ఒళ్ళో చెక్కల జతలు. రెడ్డెప్ప ముందు సీట్లో లాప్‌టాప్ పెట్టుకున్నాడు. ఉస్తాద్ వెనక, ఆడవాళ్ళ పులిహోర గిన్నెల పక్కన సర్దుకున్నాడు.

కొండ మొదట్లో నాగులమ్మ పెన్‌డ్రైవ్ పెట్టింది. "పైకి పోయేలోపు ఒక్కసారి పాడి చూసుకుందాం పిల్లా!"

పాట మొదలైంది. మద్దెల, దాని మీద చెక్కలు. టక్కు టక్కు టకటక టక్కు. ముందు స్పీకర్ నుంచి ఆ చప్పుడు చెట్లలోకి పోయి తిరిగి వచ్చింది. వెనక అందరూ చెక్కలు అందుకోబోయారు.

మొదటి మలుపులోనే బండి నీరసించింది. రెండో మలుపు దగ్గర పాకింది. లాప్‌టాప్ మీద, మైకు విన్న టకటకను చూపే ఎర్రగీత ఎగిరెగిరి పడుతోంది.

"మళ్ళీ టకటక! వాలు ఎక్కువ, బరువు ఎక్కువ..." రెడ్డెప్ప గబగబా లెక్కేశాడు. "అక్కా, వెనక కొంతమంది దిగి నడిస్తే సరిపోతుంది."

"దిగేదేందిరా, ఆటకు కట్టుకున్న చీరల్తో?" అంది వెనక నుంచి ఒకావిడ.

"నీ డబ్బా దించు. పులిహోర పెట్టుకుంటాం" అంది ఇంకొకావిడ. వ్యాన్ అంతా నవ్వు.

నాగులమ్మ నవ్వలేదు. పైనున్న మలుపుల వైపు చూసి, గడియారం చూసింది. బండిని పక్కకు తీసి ఆపింది. రెడ్డెప్పకు చెవులు వేడెక్కాయి.

ఉస్తాద్ దిగాడు. బానెట్ ఎత్తాడు.

"నాగులమ్మా, పాట ఆపు. ఇంజను మాత్రం ఆడనీ. ఒక జత చెక్కలియ్యి."

ఆవిడ కిటికీలోంచి తన చెక్కలు అందించింది.

"రెడ్డెప్పా, నువ్వు నీ గీత చూడు."

ఇంజను మెత్తగా ఆడుతోంది. ఎర్రగీత నేల మీద పడుకున్న పాములా కదలకుండా ఉంది. ఉస్తాద్ ఇంజను ముందు నిలబడి, రెండు చేతులూ ఎత్తి, చెక్కలు కొట్టాడు.

టక్.

ఎర్రగీత లేచింది.

టక్. టక్.

లేచింది, లేచింది.

ఉస్తాద్ తలపాగా సర్దుకుని, నడుం కాస్త ఊపి, ఏదో దరువు అందుకున్నాడు. ఆడవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"తాళం తప్పుతాండావు ఖలందరన్నా!"

"కాలు ముందుకెయ్యన్నా, కాలు!"

ఆయన కాలు ముందుకేశాడు. చెక్కలు టకటకమన్నాయి. తెర మీద గీత ఆయనతో పాటు ఆడింది. ఆయన తాళం తప్పినప్పుడల్లా అదీ తప్పింది.

ఇంజను మాత్రం హాయిగా ఆడుతూనే ఉంది.

రెడ్డెప్ప గీతను చూశాడు. చెక్కలను చూశాడు. స్టీరింగ్ వెనక కూర్చున్న నాగులమ్మను చూశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

అతను లాప్‌టాప్ మూసి కిందికి దిగాడు. జాలీ వెనక స్పీకర్ తీగ పీకి పక్కకు చుట్టాడు.

"పోదాం పా అక్కా. పాట మీరే పాడండి."

వ్యాన్ కదిలింది. లోపల ఆడవాళ్ళు గొంతెత్తారు, చెక్కలు అందుకున్నారు. సీట్ల మధ్య మోగే చెక్కల చప్పుడు ఇంజను పక్కనున్న మైకు దాకా చేరలేదు. మలుపు మీద మలుపు ఎక్కింది బండి. యూకలిప్టస్ వాసన కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. వాళ్ళు పైకి చేరేసరికి ఉత్సవం మైకులో వాళ్ళ బృందం పేరే పిలుస్తున్నారు.

నాగులమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పరిగెత్తింది.

భజన సాగుతుంటే రెడ్డెప్ప రాతిగట్టు మీద ఉస్తాద్ పక్కన కూర్చున్నాడు. వేలితో గట్టు మీద చెక్కల తాళం వేస్తూ విన్నాడు.

చివరికి అన్నాడు. "చెక్కల చప్పుడునే ఇంజను టకటక అనుకుంది డబ్బా. తను పాడే పాట దానికి తెలుసు కదా ఉస్తాద్. విన్నదాంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది ఇంజను చప్పుడే. అట్లా చేస్తే ముందు స్పీకర్ కూడా పెట్టుకోవచ్చు."

"చెయ్యి. మంచి పని."

"మరి ఇంత చిన్న సంగతి నాకు లెక్కల్లో ఎందుకు దొరకలేదు? ఏ అంకె వదిలేశాను?"

ఉస్తాద్ ఆటలో తిరుగుతున్న నాగులమ్మ వైపు గడ్డం ఎత్తి చూపాడు.

"షెడ్డుకొచ్చిన రోజు ఆమె ఏమంది?"

"పాట పెడితే బండి ఎక్కట్లేదంది."

"ఆ."

అంతే అన్నాడు. పులిహోర పొట్లం విప్పి సగం అతని చేతిలో పెట్టాడు.

తర్వాతి వారం నాగులమ్మ తన పాటే పెట్టుకుని, ముందు స్పీకర్ మోగించుకుంటూ, రెడ్డెప్పను పక్కన కూర్చోబెట్టుకుని కొండ ఎక్కి దిగింది. ఎర్రగీత నిద్ర లేవలేదు.

వాళ్ళు షెడ్డులోకి వచ్చేసరికి ఒక టమాటా ఆటో ఆయన ఎదురుచూస్తున్నాడు. మార్కెట్ నుంచి వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా ఎర్ర మరకలు.

"అబ్బోడా, నా బండి చూడాల. ఇంటికి పోయేటప్పుడు బాగానే పోతాంది. మార్కెట్‌కి వచ్చేటప్పుడు మాత్రం ఏడుస్తాంది."

నాగులమ్మ కిసుక్కుమంది. రెడ్డెప్ప నోరు తెరిచాడు. చెయ్యి అలవాటుగా లాప్‌టాప్ మీదికి పోయింది. అక్కడే ఆగింది.

అతను ఒక స్టూలు లాగి ఆయన ముందు వేశాడు. తను నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"కూర్చో అన్నా. ఏడుస్తాంది అంటివే, ఎట్ల ఏడుస్తాంది? నువ్వొకసారి ఏడ్చి చూపించు."

ఆటో ఆయన అటూ ఇటూ చూసి, సిగ్గుపడి, గొంతు సవరించుకుని, సన్నగా ఊళ పెట్టాడు.

రెడ్డెప్ప కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంకోసారి" అన్నాడు.

ఖలందర్ ఉస్తాద్ లేచాడు. పై అరలోంచి తెల్లరంగు డబ్బా దించి, మూత మీది దుమ్ము ఊది, నాగులమ్మ బండి బానెట్ పక్కన పెట్టి టీ చెప్పడానికి బయటికి పోయాడు.