దెబ్బ తినేవారి మాట

ఫిబ్రవరి పదో తేదీ, ఆదివారం నాడు అన్యాయం జరిగింది సువర్చలకి. చేసింది త్రినాథరావు. చూసి ఊరుకున్నది మేజర్ హైమవతి గారు. ముగ్గురి పేర్లూ ముందే చెప్పేస్తున్నాను. పేరు మింగేసి, అన్యాయం దానంతటదే జరిగిపోయినట్టు కథ చెప్పడం పిరికివాళ్ళ పద్ధతి.

హైమవతి గారు మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సుగా చేరి మేజరు హోదాలో రిటైరయ్యారు. గాజువాకలో ఒక టైలరు దుకాణం మీది గదిలో ప్రతి ఆదివారం మా చేత యుద్ధం ఆడిస్తారు. పెద్ద అట్ట మీద, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా అచ్చువేసిన ఒక ఊరు: వీధులు, మేడలు, ఒక బడి, కాలవ మీద వంతెన. సైనికులూ అట్టముక్కలే, ట్యాంకూ అట్టముక్కే. పిల్లలాటే కదా అని నవ్వుకుంటూ మెట్లెక్కి, రెండో వారానికల్లా చెమటలు తుడుచుకున్న పెద్దమనుషులున్నారు. చచ్చిన ముక్కని పెట్టెలోకి విసిరితే ఆవిడ ఒప్పుకోరు. బోర్లించి పక్కన పడుకోబెట్టాలి. గురువని పిలవమని ఆవిడ ఏనాడూ అనలేదు. పిలవకుండా ఉండడం మా వల్ల కాలేదు.

ఈ ఆటలో కాల్చేవారు ముందు కాలుస్తున్నానని చెప్పాలి. ఆ తరవాతే తమ ముక్క నుంచి గురిపెట్టిన ముక్క దాకా దారం లాగి పట్టాలి. దారం మధ్యలో ఏదైనా మేడలోకి చొరబడితే చూపు లేనట్టు, దెబ్బ వృథా. గోడని ఒరుసుకుంటూ పోతే మాత్రం చూపు ఉన్నట్టే, అప్పుడు రెండు పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో చూస్తారు. చొరబడిందా, ఒరుసుకుందా అని తేల్చే హక్కు ఆ గదిలో కాల్చినవారిది కాదు, చూస్తున్నవారిదీ కాదు. దెబ్బ తినేవారిది. వారు చెప్పిందే తీర్పు, పక్కవారు నోరు విప్పకూడదు, గురువైనా సరే. ఈ ఆచారం పెట్టింది మేజర్ గారే. ఆమె ఎందుకు ఊరుకున్నారో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ పదో తేదీ ఆట ఊసుపోక ఆడింది కాదు. బెజవాడలో జరిగే పోటీకి మా గది నుంచి ఒక్కరికే చోటు, గెలిచినవారు వెళ్ళాలి. సువర్చల పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెబుతుంది, ఆ చోటు కోసం రెండేళ్ళుగా కాచుకుని ఉంది. ఆమె బడిని కాపాడుతోంది. పోర్టులో ఆఫీసరైన త్రినాథరావు ట్యాంకుని వంతెన దాటించాలి. ఆఖరి వంతులో ట్యాంకు వంతెన మీదికి వచ్చేసింది. బడి మేడ మీది కిటికీలో మిగిలిన ఒకే ఒక్క రాకెట్టు ముక్కతో సువర్చల కాలుస్తున్నానంది. దారం లాగారు. అది మూల మీది గిడ్డంగి గోడని ఒరుసుకుంటూ పోయింది. త్రినాథరావు కుర్చీలో వెనక్కి వాలి, వాలినచోటి నుంచే ఏటవాలుగా చూసి, లోపలికి చొరబడిందని తేల్చేశాడు. లేచి, నిట్టనిలువుగా పైనుంచి చూడమని సువర్చల అడిగింది. మళ్ళీ అడిగింది. చూపించడానికి పాచికలు కూడా వేసింది, దెబ్బ తగలడానికి ఎనిమిది చాలు, పది పడింది. ఆయన నవ్వాడు.

"పట్టుదల మంచిదే గాని, మనిషికి మరీ ఇంత అహంకారం పనికిరాదు మేడమ్."

అదే పని మగవాడు చేస్తే కార్యదీక్ష. సరే, ఆయన గెలిచాడు.

మరుసటి ఆదివారం సువర్చల అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. ఎందుకు నోరు విప్పలేదని గురువుని కడిగేస్తుందనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు. "నాకు నిజమని తెలిసినదాని మీద నేను నిలబడితే అది అహంకారమా అమ్మా?" అని అడిగింది.

మేజర్ గారు బల్ల మీద అట్ట పరిచారు. త్రినాథరావు రాగానే, ఇద్దరూ పక్షాలు మార్చుకుని అదే ఆట మళ్ళీ ఆడమన్నారు. సువర్చల గెలిస్తే బెజవాడ చోటు ఆమెది, ఓడితే ఇక ఆ ఊసు ఎత్తకూడదు. అంతే షరతు. త్రినాథరావు ఉదారంగా ఒప్పుకున్నాడు. గెలిచి ఉన్నవాడికి ఔదార్యం ఎంత సులువో చూడండి. సువర్చల కూడా ఒప్పుకుంది.

ఈసారి ట్యాంకు ఆమెది, బడి ఆయనది. పొగ కమ్మించి, వీధి తరవాత వీధి, మేడ తరవాత మేడ, ఆమె ఎలా ఊడ్చుకుంటూ వచ్చిందంటే, మందుల షాపు కరీముల్లా చేతిలో టీ చల్లారిపోయింది. అయితే ఆ ఊళ్ళో వంతెన ఒక్కటే, బడిలో వంతెన వైపు కిటికీ ఒక్కటే. ఎవరు ఆడినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతుంది. ఆఖరి వంతు. ఆమె ట్యాంకు వంతెన మీద ఉంది. త్రినాథరావుకి ఆ కిటికీలో ఒక్క రాకెట్టు ముక్క మిగిలింది. కాలిస్తే ఆట ఉంది, కాల్చకపోతే పోయింది.

ఆయన కాల్చలేదు. ఎలా కాలుస్తాడు? ఆ కిటికీ నుంచి ఆ వంతెనకి చూపు లేదని వారం కిందట తానే తేల్చాడు. కరీముల్లా మీసంలో నవ్వుకుంటూ, "పోయినవారం ఆ కిటికీకి మీరే తలుపు వేశారు కదా సార్," అన్నాడు. త్రినాథరావు చెవులు ఎర్రబడ్డాయి. వంతు వదిలేస్తున్నానని చెప్పడానికి నోరు తెరిచాడు.

సువర్చల ఊరుకుంటే చాలు. బెజవాడ ఆమెది, పగ తీరినట్టూ ఉంటుంది, పైగా ఆయన మాటతోనే ఆయన్ని కొట్టినట్టు. నేనైతే ఊరుకునేదాన్ని, అబద్ధమెందుకు. ఆమె లేచి నిలబడింది. దారం తానే లాగి, గిడ్డంగి మూల మీదికి వంగి, నిట్టనిలువుగా చూసింది.

"గోడని ఒరుసుకుంటోంది. లోపలికి పోలేదు. మీకు చూపు ఉంది, కాల్చండి."

"లేదని పోయినవారం అన్నాను కదా," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

"పోయినవారం చెప్పవలసింది మీరు, చెప్పారు. ఈవారం దెబ్బ తినేది నేను. చెప్పవలసింది నేను."

ఆ మాట అన్నప్పుడు ఆమె మెడ ఎలా నిలిచిందో నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. రెండు పాచికలూ కలిపి ఎనిమిదికి తగ్గకుండా పడాలి. ఆయన వేస్తే తొమ్మిది పడింది. సువర్చల తన ట్యాంకుని తానే బోర్లించి పక్కన పడుకోబెట్టింది.

త్రినాథరావు సంతోషించలేదు. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఇంకా బిగించే ఉన్న దారం మీదికి వంగి చూశాడు, చాలాసేపు. పోయినవారం గెలుపు తనది కాదని, చోటు సువర్చలదేనని, ఆమెనే వెళ్ళమని చెప్పాడు. చెప్పడానికి ఆయనకి కష్టమైంది, అయినా చెప్పాడు. ఆ మాత్రం మనిషేనని ఒప్పుకుంటున్నాను.

సువర్చల దారం చుట్టి ఆయన ముందు పెట్టింది. "ఈవేళ ఓడిపోయాను. ఒప్పుకున్న షరతు ఒప్పుకున్నదే, మీరే వెళ్ళండి. అక్కడ మాత్రం కుర్చీలోంచి లేచి చూడండి."

కరీముల్లా అలవాటు ప్రకారం పెట్టె మూత లోపల ఫలితం రాయడానికి పెన్సిలు తీశాడు. కలకాలం గుర్తుంచుకోదగ్గ ఆటైతే దాని తేదీ కింద గీత గీయడం ఆ గది ఆనవాయితీ. ఏం రాయాలో తోచక మేజర్ గారి వైపు చూశాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: "పదో తేదీ దగ్గర పేరు కొట్టేసి, సువర్చల గెలిచిందని రాయి. దాని కింద సువర్చల ఓడిందని రాయి. గీత మాత్రం కింది తేదీకే గీయి నాయనా. ఫిబ్రవరి పదిహేడు."