జమీందారు వెనక ఏనుగు

ఉదయం ఏడు గంటలకు జమీందారు భుజంగరాయలు పెరట్లో కుర్చీ వేయించుకుని మీసం దువ్వించుకున్నాడు.

"పటంలో నా ముఖం గుమ్మడికాయంత ఉండాలి. వెనక నా ఏనుగు తొండం నుంచి తోక దాకా పడాలి. ఏది తగ్గినా నీ కెమెరా బావిలో ఉంటుందిరా," అన్నాడు.

ముఖం పెద్దగా రావాలంటే దగ్గరికి జరగాలి, ఏనుగు మొత్తం పడాలంటే దూరం పోవాలి. ఆ మాట చెబితే వినే చెవి అక్కడ లేదని ఫొటోలు తీసే నాంచారయ్యకు తెలుసు. అతని ఇల్లు గడిచేది ఆ కెమెరా మీదే.

"తల తిప్పకండి ప్రభూ, ముఖం చెదిరిపోతుంది," అంటూ దగ్గరికి జరిగి తీసేశాడు.

మర్నాడు జమీందారు సభలో చూస్తే పటం నిండా ముఖమే.

"ఏనుగేదిరా?"

"తమరి వెనకే ప్రభూ. తమంతటివారు అడ్డుండగా ఏనుగెలా కనబడుతుంది? అది కనబడాలంటే తమరిని చిన్నగా తీయాలి. తమరు ఏనుగుకంటే చిన్నవారని ఈ సభలో ఎవరైనా అంటే, ఇప్పుడే మళ్ళీ తీస్తాను."

సభలో ఎవరికీ ఆ అభిప్రాయం లేకపోయింది. జమీందారు అతనికి శాలువా కప్పించి, పటాన్ని హాల్లో పెట్టించి, వచ్చినవారికల్లా వెనకున్న ఏనుగును వర్ణించసాగాడు.

నాలుగు రోజుల తర్వాత మావటివాడు వంటసాలలో నోరు జారితే తెలిసింది, ఫొటో తీసిన రోజు ఏనుగు మధ్యాహ్నం దాకా ఏట్లోంచి లేవనేలేదని.