తువ్వాలెత్తితే పంటు వస్తుంది

బొప్పాయిలంకలో తెలివి ఎవరింట్లో ఉందంటే గుమ్మడివారింట్లో ఉంది. ఈ సంగతి గుమ్మడివారే చెబుతారు. ఇంకెవరూ చెప్పరు, అదంతా కడుపుమంట. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడం మా వంశంలోనే ఉందండీ" అంటాడు ఇంటిపెద్ద తాతబ్బాయి, మీసం దువ్వుకుంటూ. వచ్చిన చిక్కల్లా అక్కడే.

ఆయన కొడుకు గవర్రాజుకి ముప్ఫై నాలుగు నిండాయి, పెళ్ళి కాలేదు. ఆరు సంబంధాలు తప్పిపోయాయి. ఆరోసారి పిల్ల తండ్రి మర్యాదకి "మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. ఇంకేముంది, గవర్రాజు చిన్నాన్న అబ్బులు వాళ్ళ పంచె కట్టుకుని, వాళ్ళ పట్టెమంచం ఎక్కి ఓ కునుకు తీశాడు. వస్తూ వస్తూ గేదెని కూడా తోలుకొచ్చేశాడు. మన గేదె వాళ్ళింట్లో ఎందుకుండాలి మరి?

ఏడోది గోదావరి పాయకి అవతల, గానుగలంక ముసలయ్యగారమ్మాయి సత్యవేణి. గవర్రాజు ఆమెని తీర్థంలో ఒకసారి చూశాడు. "ఈ గొడుగు కాస్త పట్టుకోండి" అని చేతికిచ్చి ఆమె గాజులు బేరమాడుకుంది. గవర్రాజు పట్టుకున్నాడు. ఆమె ఇమ్మనలేదు, ఇతను ఇవ్వలేదు. పొద్దుగూకేదాకా ఆమె ఎటు నడిస్తే అటు గొడుగు పట్టుకుని తిరిగాడు. అంతే, ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. ఈ పిల్ల దక్కకపోతే ఇంక పెళ్ళే వద్దనుకున్నాడు.

ముసలయ్యగారు కబురు పెట్టారు. "శనివారం పన్నెండులోపు తాంబూలాలు మార్చుకుందాం. దాటితే సంబంధం లేదు, సాయంత్రం ఇంకోళ్ళు వస్తున్నారు. మధ్యవర్తి భీమశంకరంగారు మాత్రం దగ్గరుండాలి."

రెండు లంకలకీ కలిపి ఒకటే పంటు. రెండు పడవలు జతచేసి పైన బల్లలు కొట్టింది. దాన్ని నడిపే సరంగు నూకరాజు అవతలి రేవులో ఉంటాడు. ఇవతలి రేవులో ఓ వెదురుకర్ర పాతి ఉంటుంది. దానికి తువ్వాలు కట్టి పైకెత్తితే చూసి వస్తాడు. అందులో పెద్ద మర్మం ఏమీ లేదు, గుమ్మడివారికి తప్ప.

శనివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ నలుగురూ రేవుకొచ్చారు. భీమశంకరంగారు కూడా వచ్చి, బొడ్లో తడుముకుని, "ముహూర్తం కాగితం ఇంట్లో మర్చిపోయాను. మీరు తువ్వాలెత్తి ముందెళ్ళండి. పంటు వచ్చేదాకా మాత్రం దించకండి. నేను తర్వాత పంటులో వస్తాను" అని వెనక్కెళ్ళారు.

తాతబ్బాయి తువ్వాలెత్తాడు. పంటు వచ్చింది.

"చూశావుట్రా? ఇంత పంటుని గుడ్డముక్కతో లాగేశాం" అన్నాడు.

"ఇలాంటి కర్రని ఇక్కడొదిలేస్తే ఎవడైనా ఎత్తుకుపోడా అన్నయ్యా" అని అబ్బులు దాన్ని ఊడబెరికి పంటులో పెట్టాడు.

"మరిది బుర్రే బుర్ర" అంది గవర్రాజు తల్లి బుల్లెమ్మ.

నది మధ్యలో నూకరాజు "సుడి ఉంది, గట్టిగా పట్టుకోండి" అన్నాడు. ఏది పట్టుకోవాలో చెప్పలేదు. ఇంకేముంది, నలుగురూ కలిసి నూకరాజుని పట్టుకున్నారు. చుక్కాని పట్టే చెయ్యి ఆడక పంటు మూడు ప్రదక్షిణాలు చేసింది.

పదకొండింటికి చేరారు. బుల్లెమ్మ కాబోయే కోడలి బుగ్గలు పుణికి, "నీకోసం పంటు పంపిస్తాం తల్లీ, ఎక్కి వచ్చెయ్యడమే నీ వంతు" అంది. సత్యవేణి బుద్ధిగా తలూపింది. భీమశంకరంగారి జాడ లేదు. రేవుకెళ్ళి చూస్తే, అవతలి ఒడ్డున పాపం ఎగురుతున్నారు.

"ఆ కర్రేంటండీ?" అన్నారు ముసలయ్యగారు, అబ్బులు భుజం వంక చూసి.

"పంటుని పిలిచే కర్రండి. జాగ్రత్తగా తెచ్చాం."

ముసలయ్యగారు తల పట్టుకున్నారు. "బాబ్బాబు, పంటేసుకెళ్ళి, కర్ర ఎక్కడిదక్కడ పాతి, ఆయన్ని ఎక్కించుకు రండి."

అబ్బులు వెళ్ళాడు. కర్ర పాతాడు. తువ్వాలెత్తాడు. అరిచి అరిచి గొంతు పోయిన భీమశంకరంగారు పంటెక్కబోతే చెయ్యి పట్టుకు లాగాడు.

"పద్ధతుండొద్దా? తువ్వాలెత్తితే పంటు అవతల్నించి రావాలి. ఇక్కడే ఉన్న పంటు ఎలా వస్తుంది? నూకరాజూ, నువ్వు ముందు అవతలికెళ్ళు. తర్వాత రా."

"మీ ఖర్మ" అని నూకరాజు ఖాళీ పంటుతో వెనుదిరిగాడు.

గానుగలంక రేవులో గవర్రాజు నది వంకే చూస్తున్నాడు. పన్నెండుకి పావుగంటే ఉంది. ఖాళీ పంటు వచ్చి ఆగింది. ఆగీ ఆగగానే సత్యవేణి రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి ఎక్కి కూర్చుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు నూకరాజు.

"అత్తారింటికి. అత్తగారు పంటు పంపిస్తానన్నారు, పంపించారు."

నూకరాజు ఆ రోజుకి ఎవరినీ ఇంకేమీ అడగదల్చుకోలేదు. పోనిచ్చాడు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లని కళ్ళారా చూసి గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి. తన కోసమే పుట్టింది అనుకున్నాడు. ఆమె అటు వెళ్ళిపోతోందన్న సంగతి కాస్త ఆలస్యంగా తట్టింది.

"పిలు నాయనా, పంటుని పిలు" అన్నారు ముసలయ్యగారు ఏడుపుగొంతుతో.

గవర్రాజు తువ్వాలు రెండు చేతులా పైకెత్తాడు. "వాడు పిలిచిన పంటు మనమెలా ఎక్కుతాం?" అని అబ్బులు భీమశంకరంగారిని ఎక్కనివ్వకపోవడంతో, పంటు ఆమెని దించి ఖాళీగానే ఇటొచ్చింది. ఇతను ఎక్కబోతూ చూస్తే, అవతల సత్యవేణి కూడా తువ్వాలెత్తింది.

"ఆవిడ పిలుస్తున్నారు. ముందు ఆవిడ దగ్గరికెళ్ళు" అన్నాడు.

నూకరాజు వెళ్ళాడు. "వారింకా తువ్వాలు దించలేదు. ముందు వారి దగ్గరికెళ్ళండి" అంది సత్యవేణి.

నూకరాజు మళ్ళీ ఇటొచ్చాడు. మళ్ళీ అటెళ్ళాడు. మూడోసారి నది మధ్యలోనే లంగరేసి, క్యారియర్ విప్పి అన్నం తినడం మొదలెట్టాడు. పన్నెండు దాటింది.

ముసలయ్యగారు ఇసకలో చతికిలబడి చాలాసేపు ఆ ఒడ్డునీ ఈ ఒడ్డునీ చూశారు. "గడియ పోతే పోయింది. సాయంత్రం వాళ్ళని రావద్దంటాను. మా అమ్మాయికి ఈ భూమ్మీద ఇంకెవడూ సరిపోడు. పిల్లనిచ్చేశాను బావగారూ. ఎలాగోలా ఇద్దరినీ ఒక ఒడ్డుకి చేర్చండి చాలు."

గవర్రాజు సంతోషంతో గంతులేశాడు. చేతులు మాత్రం దించలేదు. సరిగ్గా అప్పుడే నూకరాజు చెయ్యి కడుక్కుని, తడి తువ్వాలు పంటులో ఉన్న గెడకి ఆరేసి, గెడ నిలబెట్టాడు.

తాతబ్బాయి మీసం మీద చెయ్యేశాడు. "ఇంక దించెయ్‌రా అబ్బాయ్, పని అయిపోయింది. మనం తువ్వాలెత్తితే పంటు వచ్చింది. ఇప్పుడు పంటే తువ్వాలెత్తింది. ఇంక లంకలే కదిలి రావాలి."

అంతే, గవర్రాజు తువ్వాలు దించి, ఒడ్డు నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చున్నాడు. సత్యవేణితో సహా వచ్చే లంకకి చోటుండాలి కదా.