అడగకముందే అక్కర్లేదు

సన్యాసయ్య మాస్టారికి ఒక అలవాటుండేది. పడవ ఇంజను కదిలితే దానికి దండం పెట్టేవారు. కదలకపోతే "సరే, పడుకో" అని దాని మీద గోనెపట్టా కప్పేవారు. రెండో పనే ఎక్కువగా చేసేవారు.

పేరు సన్యాసయ్యే గాని ఆయన నిండు సంసారి. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాక చిన్న తెరచాప పడవ ఒకటి కొనుక్కుని, చలికాలంలో ఈశాన్యపు గాలి పట్టుకుని, తీరం వెంబడే ఒక రేవు నుంచి ఇంకో రేవుకి తిరుగుతుండేవారు. మనసు బాగాలేదని ఏదో ఒక ప్రశ్నతో వచ్చినవాళ్ళను ఆ పడవ ఎక్కించేవారు. ఎక్కినవాళ్ళలో సగం మంది వాంతుల్లో పడి ప్రశ్నే మరిచిపోయేవాళ్ళు. ఆ సగంలో నేను ప్రథముణ్ణి. నా ప్రశ్న ఏమిటో నాకిప్పటికీ గుర్తు లేదు. అందుచేత జవాబు దొరికిందనే అనుకుంటున్నాను. పడవలో నా హోదా ఇంజను డ్రైవరు. ఆ విద్య నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఆ సంగతి ఇంజనుకి తెలిసిపోయింది.

ఆ ఏడు బారువలో గవర్రాజు గారు మా పడవ ఎక్కారు. ఆయన అనకాపల్లి బెల్లం వర్తకుడు. బడికి ఫ్యాన్లు, గుడికి గంట, ఆస్పత్రికి మంచాలు, ఏది ఇచ్చినా ఆయనే ఇవ్వాలి. కళింగపట్నం ముందు మా ఇంజను పడుకుంటే చేపల బోటువాళ్ళు తాడు వేసి ఒడ్డుకు లాగారు. ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, "ఒలే, పెళ్ళివారొచ్చినారు, ఎదురెళ్ళండే" అని నవ్వారు. మాస్టారు నవ్వారు, నేనూ నవ్వాను. గవర్రాజు గారు మాత్రం చేతి గడియారం విప్పి, లాగినవాళ్ళకి ఇవ్వబోయారు. వాళ్ళు పుచ్చుకోలేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

మర్నాడు భీమిలి వైపు సాగుతుండగా ఆయన అడిగారు. "మాస్టారూ, ఇవ్వడం నాకొచ్చు. తీసుకోవడమే రాదు. ఎవరైనా మేలు చేస్తే చిన్నవాణ్ణయిపోయినట్టుంటుంది. మొన్న నాకు ఆపరేషనైతే, పక్కన పడుకుంటానని మా తమ్ముడు దుప్పటి పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. నర్సుని పెట్టుకున్నాను, నువ్వెందుకని పంపేశాను. అప్పట్నుంచి వాడు మా గుమ్మం తొక్కలేదు. ఇది పోవడానికి నేనేం సాధన చెయ్యాలి?"

మాస్టారు తెరచాప తాడు సర్ది బిగించారు. "టీ పెడతాను" అని చుక్కాని ఆయన చేతికిచ్చి, కిరసనాయిలు స్టవ్వు వెలిగించడానికి లోపలికి దిగారు. నేను ఒక మూల బకెట్టు కౌగిలించుకుని, సముద్రం ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

అంతలో పక్క నుంచి ఒక చేపల బోటు మా వైపు రావడం కనిపించింది. గవర్రాజు గారు దాన్ని చూడగానే బిగుసుకుపోయారు. మళ్ళీ తాడు, మళ్ళీ లాగడం, మళ్ళీ పెళ్ళివారు. వాళ్ళింకా కేకవేటు దూరంలో ఉండగానే లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ గట్టిగా అరిచారు. "అక్కర్లేదు. మాకేం అక్కర్లేదు. వెళ్ళిపొండి."

బోటులోవాళ్ళు ఆగిపోయారు. మా పడవ సాగిపోతూనే ఉంది.

మాస్టారు టీ వడగట్టే గుడ్డతో సహా తల పైకి పెట్టారు. "ఏం కావాలట?"

"ఏమీ అడగలేదండి. అడగకముందే అక్కర్లేదని చెప్పేశాను."

మాస్టారు ఆ బోటుకేసి చూశారు. "ఇంజనున్న బోటు కదా, వాళ్ళు తెడ్లెందుకు పట్టుకున్నారు, గవర్రాజూ?"

గవర్రాజు గారు అటు తిరిగి చూశారు. అప్పటికి వాళ్ళు తెడ్లు కూడా దించేశారు. మాస్టారు పైకొచ్చి చుక్కాని తిప్పి పడవ ముక్కు గాలికి ఎదురుపెట్టారు. తెరచాప పటపట కొట్టుకుని, పడవ నిలిచింది. మాస్టారు గుడ్డ ఊపి పిలిస్తే వాళ్ళు మళ్ళీ తెడ్లు అందుకున్నారు.

దగ్గరికొచ్చాక తెలిసింది. బోటు అడుగున ఒక కుర్రాడు కాలు పట్టుకుని మూలుగుతున్నాడు. వలలో పడ్డ టేకు చేప విషపు తోకముల్లు పిక్కలో దిగింది. కాలు మోకాలిదాకా పొంగిపోయింది. బోటు పెద్ద పోలయ్య మా వంక నిష్ఠూరంగా చూశాడు.

"ఏటి బాబూ, మేం నోరిప్పకముందే పొమ్మనీసినారు. మా ఇంజను సచ్చిపోనాది. ఈడు నా మేనల్లుడు, కొర్లయ్య. ఈ కాలితో ఇంకా ఇక్కడే ఉంటే ఈడేమైపోతాడు?"

"మీరు మమ్మల్ని లాగడానికొస్తున్నారనుకున్నాను" అన్నారు గవర్రాజు గారు.

"మమ్మల్నెవులైనా లాగితే సాలని మేం ఏడస్తన్నాం" అన్నాడు పోలయ్య. ఆ బాధలోనూ బోటులో ఒకడు నవ్వాడు. కొర్లయ్యే అనుకుంటాను.

వాళ్ళ తాడు మా పడవ వెనక కట్టాం. కొర్లయ్యని మా పడవలోకి దించాం. ముల్లు విషం వేడికి దిగుతుందని, టీ కోసం కాగిన నీళ్ళు, చర్మం ఓర్చుకునేంత వేడిలో, నా బకెట్టు కడిగి అందులో పోశాం. గవర్రాజు గారు ఆ కాలు బకెట్టులో ఉంచి, నీళ్ళు చల్లారినప్పుడల్లా మారుస్తూ కూర్చున్నారు. కుర్రాడి మూలుగు సన్నగిల్లింది. మా చిన్న తెరచాప రెండు పడవల్నీ, అన్ని ప్రాణాల్నీ మెల్లగా ఈడ్చింది. మాస్టారు ఆ గాలికి ఎన్నిసార్లు దండం పెట్టారో.

భీమిలి దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగకి వచ్చేసరికి ఆ గాలి పడిపోయింది. పోటు తగ్గి పాటు మొదలై ఏటి నీరు సముద్రంలోకి తోస్తోంది. ఒడ్డు మీద మనుషుల ముఖాలు కనిపిస్తున్నాయి, మేము మాత్రం వెనక్కి పోతున్నాం. కొర్లయ్యకి చలి పట్టుకుంది. ఇక నా విద్య చూపించే సమయమొచ్చిందని హ్యాండిలు అందుకున్నాను. తిప్పాను. బతిమాలాను. తిట్టాను. ఇంజను నిద్రలో ఒకసారి దగ్గింది.

"దాన్నొగ్గీండి బాబూ" అన్నాడు పోలయ్య. "మా బోటు ముందుకి పోనివ్వండి. తెడ్లతో మేం లాగుతాం. కొర్లయ్య తెడ్డు కాడ మడిసి లేడు, అదే సిక్కు."

గవర్రాజు గారు బకెట్టు నాకప్పగించి, పంచె ఎగ్గట్టి, ఆ బోటులోకి దాటారు. తక్కెడ తప్ప మరోటి పట్టని చేతులు. "బాబూ, నీళ్ళు తోడకండి, ఎనక్కి లాగండి" అని పోలయ్య అంటూనే ఉన్నాడు. ఆయన లాగుతూనే ఉన్నారు. మా పడవ వాళ్ళ వెనక, తాడు బిగించుకుని, మొగ దాటింది.

కొర్లయ్యని ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. పొద్దు గూకేలోపు కబురొచ్చింది, ముల్లు ముక్క తీసేశారని, కాలికి భయం లేదని. పోలయ్య మాకు దండం పెట్టాడు. మేము పోలయ్యకి పెట్టాం. ఇద్దరిలో ఎవరు ముందు ఆపాలో తెలియక కొంతసేపు అలాగే పెట్టుకున్నాం.

ఆ పూట భోజనం పోలయ్య ఇంట్లో. అతని భార్య ఎర్రమ్మ చేపల పులుసు వడ్డించింది. గవర్రాజు గారు చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. రెండు అరచేతులూ తోలు ఊడిపోయి ఉన్నాయి. చెంచా పట్టుకోబోతే అదీ జారిపోయింది. ఎర్రమ్మ ఒక్క క్షణం చూసి, కంచం తన ఒళ్ళోకి లాక్కుని, ముద్ద కలిపింది.

"నోరు తెరండి బాబూ. మా మేనల్లుడి తెడ్డేసినోరు మా ఇంట పస్తుంటారేటి?"

ఆయన నోరు తెరిచారు. ముద్ద తరవాత ముద్ద తిన్నారు. పులుసు కారంగా ఉందన్నారు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేకపోతే ఆ పనీ ఆవిడే కొంగుతో చేసింది.

భోజనమయ్యాక నా వైపు తిరిగి, తమ్ముడి నంబరు చెప్పి, నొక్కమన్నారు. ఫోను ఆయన చెవి దగ్గర నేనే పట్టుకున్నాను. "చేతులు బాగాలేవురా. భీమిలిలో ఉన్నాను. వచ్చి తీసుకెళ్ళు" అన్నారు. అవతలి మాట నాకు వినపడలేదు. ఆయన చాలాసేపు వింటూ ఉండిపోయారు.

తర్వాత అరచేతులు మాస్టారి ముందు చాపారు. "మాస్టారూ, ఇవి రేపటికల్లా తగ్గిపోతాయంటారా?"

మాస్టారు వాటిని దీపం వెలుగులో పరీక్షగా చూశారు.

"అంత తొందరేముంది, గవర్రాజూ" అన్నారు.