ఏడు పల్లెల తూము

అనగనగా నడిసముద్రంలో ఒక దీవి. మణికేతు మహారాజు పంపగా ఓడలెక్కి వచ్చినవారు అక్కడ అడవి కొట్టి, ఏడు పల్లెలు కట్టుకుని, ఒక పెద్ద చెరువు తవ్వుకున్నారు. ఆ చెరువుకు ఓబుళమ్మ నీరటి. తూము తీసి, మూసి, మళ్లకు వంతులవారీగా నీరు పంచడం ఆమె పని.

చెరువు తవ్వినది వారు. తూము మీద అధికారం మాత్రం రాజుది. ముద్ర వేసిన ఆజ్ఞ రానిదే తూము కదపరాదని శాసనం. రాజధానికి ఓడ పోవడానికి నెల, తిరిగి రావడానికి నెల.

మొదటి ఏడు పైరు పొట్టమీద ఉండగా నీటికోసం విన్నవించుకున్నారు. ఆజ్ఞ వచ్చేసరికి పైరు ఎండిపోయింది.

రెండవ ఏడు ముందుగానే విన్నవించుకున్నారు. ఆ విన్నపం రాజసభలో నాలుగు నెలలు నానింది. కోతలు ముగిసి పనలు మళ్లలో ఉన్న వేళ "తూము తీయుడు" అని ఆజ్ఞ దిగింది. రాజాజ్ఞకు భయపడి ఓబుళమ్మ తీసింది. పనలు తడిసి మొలకెత్తాయి. ఆ ఏడంతా ఆమె ఎవరి ముఖమూ చూడలేకపోయింది.

మూడవ ఏడు తుఫాను వచ్చింది. కట్ట అదరసాగింది. తెగితే ఏడు పల్లెలూ సముద్రం పాలు.

"ఆజ్ఞ ఏదీ?" అని అడ్డు నిలిచాడు తూముకు కాపలా ఉన్న రాజోద్యోగి.

"పక్కకు జరుగు నాయనా. కట్ట నీ కాళ్ల కిందే జారుతోంది," అని ఓబుళమ్మ తూము ఎత్తేసింది.

పల్లెలు నిలిచాయి. రాజుకు మాత్రం అది ద్రోహమైంది. మూడు వందల మంది భటులతో దండనాయకుడు భల్లణుడు వచ్చాడు. పల్లెల దారులన్నీ కలిసే వాగు ఇసుకలో విడిది చేసి, ఓబుళమ్మను అప్పగించేదాకా గింజ కదలనీయవద్దని అతనికి ఆజ్ఞ. ఏడు పల్లెలవారూ ఆమె చుట్టూ కట్టమీద నిలబడ్డారు. పస్తులున్నారు గాని, అప్పగించలేదు.

వానలు మొదలయ్యాయి. ఓబుళమ్మ కట్టమీద నుంచే వాగువైపు కేకవేసి పిలిచింది.

"దండనాయకా! చెరువు నిండుతోంది. అలుగు పారితే నీరు ఈ వాగులోకే వస్తుంది. మెరకకు పొండి."

"మా గుడారాలమీద నీకెందుకమ్మా అంత ప్రేమ?" అని భల్లణుడు నవ్వాడు.

మరునాడు నీరు మోకాళ్లకు వచ్చింది. ఆమె మళ్లీ పిలిచింది.

"విడిది మార్చడానికి అనుమతి కోరుతూ ఓడ పంపాము," అన్నాడు భల్లణుడు ముభావంగా. "రెండు నెలల్లో ఆజ్ఞ వస్తుంది."

"అంతవరకు నీటిని ఆగమంటారా?" అంది ఓబుళమ్మ. కట్టమీద జనం ఫక్కున నవ్వారు.

మూడవనాడు నీరు రొమ్ముదాకా వచ్చింది. ఈసారి ఆమె పిలవలేదు, తెప్పలు పంపించింది. భటులు ఎగబడ్డారు.

"మెల్లగా! తెప్ప మనుషుల్ని మోస్తుంది గాని, కత్తుల్ని మోయదు," అని కేకవేసింది.

మూడు వందల కత్తులు వాగు పాలయ్యాయి. మూడు వందల ప్రాణాలు ఒడ్డెక్కాయి. చివరి తెప్పమీద భల్లణుడు తలవంచుకుని వచ్చాడు. రాజధానికి తిరిగిపోయిన ఆ భటులలో ప్రతి ఒక్కడూ మళ్లీ దీవికి ఓడ ఎక్కనన్నాడు. గత్యంతరం లేక రాజు దీవిని వదులుకున్నాడు.

పల్లెలలో డప్పులు మోగాయి. "ఇక మా రాణివి నీవే, అక్కా!" అన్నారు జనం.

"ఒక రాజును వదిలించుకున్నది మరొకరిని తెచ్చుకోవడానికా?" అని ఓబుళమ్మ కసిరింది. పల్లెకు ఇద్దరి చొప్పున పద్నాలుగు మంది ఏటేటా ఎన్నికై కట్టమీద కూర్చోవాలనీ, ఎక్కువమంది మాటే శాసనమనీ నిర్ణయించారు.

మొదటి సభలోనే ఆమె తూము తీయాలన్నది. చివరి పల్లె కొండప్ప లేచాడు.

"మా దిగువ మళ్లలో నాట్లు నిన్ననే వేశాం అక్కా. ఇప్పుడు వదిలితే నారు తేలిపోతుంది. మూడు రోజులు ఆగాలి."

తొమ్మిది చేతులు కొండప్ప వైపు లేచాయి. సభ అంతా ఓబుళమ్మ వైపు తిరిగింది. రాజునే ఎదిరించిన మనిషి ఆమె. అప్పటికే ఆమె చేయి తూము మీద ఉంది.

ఓబుళమ్మ చేయి తీసేసింది. మూడు రోజులు కట్టమీదే కూర్చుని వేచింది.

నీతి: దూరపు దొరను ఎదిరించడం స్వాతంత్ర్యంలో సగమే, సాటివారి న్యాయమైన మాటకు కట్టుబడడం మిగిలిన సగం.