ఏనుగు కోసం పరిచిన నేల

ఓబులేసుకి ఏనుగుల పిచ్చి. ఆ పిచ్చే అతన్ని ముంచేలా ఉంది.

నల్లమలలో ఒక చిన్న మఠం. అక్కడ సిద్దప్ప స్వామి శిష్యులకి మంత్రాలు చెప్పడు, ముక్కలాట నేర్పుతాడు. కట్టలో నేల ముక్కలుంటాయి, ప్రాణి ముక్కలుంటాయి. వంతుకో నేల పరుచుకోవాలి. పరిచిన నేలని బట్టి ప్రాణిని పిలవాలి. ఒక్క నేలకి మేక వస్తుంది, ఎనిమిదింటికి ఏనుగు. వచ్చిన ప్రాణి వంతుకో అడుగు చొప్పున ఎదుటివాడి నేలల మీదుగా నడుస్తుంది. ఎదుటివాడి ఆఖరి నేల మీద నీ ప్రాణి నిలబడిందా, ఆట నీది. శిష్యులు ముక్కలు ఒకరితో ఒకరు మార్చుకుని ఎవరి కట్ట వాళ్ళు కూర్చుకుంటారు.

ఓబులేసు తన మేకల్నీ కుక్కల్నీ వాళ్ళకీ వీళ్ళకీ ఇచ్చేసి నేలలూ ఏనుగులూ తెచ్చుకున్నాడు. ఒక్క వంతులో రెండు నేలలు పరచనిచ్చే వాన ముక్కలు కూడా సంపాదించాడు. ఆ కట్ట చూస్తే ఎవరికైనా కళ్ళు కుట్టాల్సిందే. ఆడితే మాత్రం ఓటమే.

మామూలు రోజుల్లో ఓడితే నవ్వి ఊరుకుంటారు. ఏడాదికోసారి మాత్రం కొండ అవతలి నుంచి కంబళి కప్పుకుని ఒక అతిథి వస్తాడు. అతని చేతిలో ఓడినవాడు తన పేరు పోగొట్టుకుంటాడు. కిందటేడు ఓడిన పెద్ద శిష్యుడు ఇప్పటికీ మఠంలోనే కట్టెలు కొడుతున్నాడు. అతని పేరు ఎవరికీ గుర్తు లేదు, అతనికీ లేదు. అన్నానికి చప్పట్లు కొట్టి పిలుస్తారు.

ఈసారి అతిథితో ఆడాల్సింది ఓబులేసే. అతిథి వచ్చేది ఆ సాయంత్రమే.

"స్వామీ, నా కట్టలో ఏం తక్కువైంది?" అని మధ్యాహ్నం అడిగాడు. ఆ అడగడంలో భయం ఎంతుందో బడాయీ అంతే ఉంది.

"కూచో. ఒకాట ఆడదాం," అన్నాడు స్వామి.

ఎండలో బండ మీద కూర్చున్నారు. ఓబులేసు నేల పరిచాడు. స్వామి ఏమీ వెయ్యలేదు. "కానియ్," అన్నాడు. ఓబులేసు వాన ముక్క వేశాడు, మళ్ళీ నేలలు పరిచాడు. స్వామి ముక్కలు స్వామి చేతిలోనే ఉన్నాయి.

బండంతా తన నేలే అయ్యేసరికి ఓబులేసుకి ఒళ్ళు పొంగింది. ఏనుగుని పిలవడానికి సరిపడా ఉంది. కానీ చేతిలో అంతకన్నా పెద్దది, రెండు తలల ఏనుగు ఉంది. దానికి ఇంకా నేల కావాలి.

"ఇంకొక్కటి పడనీ స్వామీ."

"కానియ్."

అప్పుడు కనిపించింది. ఒక ముక్క మీద గుడిసె బొమ్మ ఉంది. దాని కప్పులోంచి సన్నగా పొగ లేస్తోంది. పక్క ముక్కలోని దుక్కిలో తడి అడుగులు. పిట్టలు అరవడం మానేశాయి. ఎక్కడి నుంచో తాలింపు వాసన వచ్చింది.

గుడిసె తలుపు తెరుచుకుంది. లోపల ఒక ఆడమనిషి గొంతు విసుక్కుంది.

"ఎవురబ్బా నువ్వు? మా చేలో ఏం పని నీకు?"

"ఇది నాది. నేను పరిచిన నేల," అన్నాడు ఓబులేసు.

"నీదా? నువ్వెవురు?"

పేరు చెప్పబోయి నోరు తెరిచాడు. పేరు రాలేదు. అమ్మ పెట్టిన పేరు, పొద్దున దాకా ఉన్న పేరు, ఎంత వెతుక్కున్నా లేదు. భయంతో ఏడుపొచ్చేసింది.

స్వామి చెయ్యి చాపి అతని రెండు తలల ఏనుగుని తీసుకున్నాడు. తన ముక్కల్లోంచి అంచులు నలిగిన మేకనొకదాన్ని అతని చేతిలో పెట్టాడు.

"దీన్ని పిలువు."

ఓబులేసు మేకను గుడిసె ముందు పెట్టాడు. తలుపు మూసుకుంది. పొగ ఆగింది. పేరు తిరిగొచ్చింది. అది మళ్ళీ జారిపోతుందేమోనని దాన్నే గొణుక్కుంటూ కూర్చున్నాడు.

"నేల పరిచినోడిది కాదురా," అన్నాడు స్వామి. "నిలబడినోడిది."

పొద్దు వాలేసరికి అతిథి వచ్చాడు. ఓబులేసు ఒక్క నేల పరిచి మేకను పిలిచాడు. అతిథి నేల పరిచాడు. మరుసటి వంతుకి మరోటి పరిచాడు. ఏ ప్రాణినీ పిలవలేదు. అతను పరిచే కొద్దీ మేక వాటి మీదుగా నడుస్తూనే ఉంది. చివరికి ఒక వంతులో అతనికి నేల పడలేదు. మేకకి ఒక్క అడుగే మిగిలింది.

"ఆగబ్బా," అన్నాడు అతిథి. "నా చేతిలో ఏనుగుంది."

కంబళి కింద మొహం కనిపించలేదు. ఆ గొంతు మాత్రం అచ్చం ఓబులేసుదే.

ఓబులేసు ఆగలేదు. మేకను ఆఖరి నేల మీద నిలబెట్టాడు.